అర్వి మనిషి

హెలికాప్టర్ మా ఆయన అర్విని తీసుకుని రొవానియెమి ఆసుపత్రి వైపు వెళ్ళిపోయాక నేను ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా అతని గదిలోకి వెళ్ళాను. అతను కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయిన చోట కాఫీ కప్పు పడి ఉంది. పగల్లేదు. దాన్ని తీద్దామని వంగితే, నేల మీదున్న హెడ్‌ఫోన్లలోంచి ఎవరో సన్నగా అరుస్తున్నట్టు వినపడింది.

"అర్వీ! నిద్రపోయావా ముసలోడా? లే! పొయ్యి ఆరిపోతోంది!"

ఔలా గొంతు. ఔలాది కొండల అవతలి ఊరు. సరిహద్దు కాపలాలో మా ఆయన కింద చాలా ఏళ్ళు పనిచేశాడు. ఇద్దరూ స్కీల మీద వారాల తరబడి అడవిలో తిరిగేవాళ్ళు. అర్వి గుండె అడవికి పోనివ్వడం మానేశాక, ఇద్దరూ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, తెర మీద ఆడే ఈ మంచు అడవి ఆటలో కలుసుకోవడం మొదలుపెట్టారు. తలుపు ఇవతల పుస్తకం చదువుకుంటూ వాళ్ళ తిట్లు వింటూ ఉండేదాన్ని.

హెడ్‌ఫోన్లు చెవికి ఆనించుకున్నాను. "ఔలా, నేను సైమిని. అర్వి పడిపోయాడు. గుండె. ఇప్పుడే తీసుకెళ్ళారు."



"బతికే ఉన్నాడా?"

"తీసుకెళ్ళేటప్పుడు ఉన్నాడు."

"నువ్వు వెళ్ళలేదేం?"

"చోటు లేదన్నారు. రోడ్డేమో తుఫానుకి మూసేశారు. ఫోన్ చేస్తాం, ఇంట్లోనే ఉండు అన్నారు."

"అయితే కూర్చో. తెర మీద ఏం కనపడుతోంది?"

"గడ్డం మనిషి. పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు."

"అది అర్వి. పక్కన కంట్రోలర్ ఉంటుంది చూడు, దాన్ని చేతిలోకి తీసుకో."

"ఔలా, నా మొగుణ్ణి ఆకాశంలో పట్టుకుపోయారు. నువ్వు నన్ను ఆటాడమంటున్నావా?"

"ఆటాడమనట్లేదు సైమీ. కట్టె వెయ్యమంటున్నా."

కట్టె వేశాను. దానికి చాలాసేపు పట్టింది. మొదట ఆ మనిషి గోడకేసి నడిచాడు, తర్వాత గొడ్డలి తీసి గాలిలో ఊపాడు. "కుడి మీట! కుడి! అది నీ కుడి చెయ్యేనా?" అని ఔలా అరిచాడు. చివరికి మంట లేచింది. గడ్డం మనిషి చేతులు చాపి వెచ్చబెట్టుకున్నాడు.

వాళ్ళిద్దరూ ఎంచుకున్నది ఆటలో అన్నిటికన్నా కష్టమైన మెట్టు. కింది మెట్లలో మనం ఆపేస్తే ఆ లోకమూ ఆగి మనకోసం చూస్తుందట. ఇందులో ఆగదు. మనం తిన్నా, పడుకున్నా, అక్కడ పొయ్యి కాలిపోతూనే ఉంటుంది, మనిషికి ఆకలి వేస్తూనే ఉంటుంది. పశువుల్ని చూసుకున్నట్టు రోజూ వెళ్ళి చూసుకోవాలి. ఒక్కసారి చచ్చిపోతే పేరు చెరిగిపోతుంది, మళ్ళీ ఆ మనిషి రాడు. వసంతంలో నది మీద మంచు పగిలేదాకా బతకగలిగితే గెలిచినట్టు. తమకు తెలిసినవాళ్ళలో ఎవరూ అంతదాకా బతకలేదని ఔలా చెప్పాడు. వాళ్ళిద్దరూ ఆకులు రాలే కాలంలో మొదలుపెట్టి ఇక్కడిదాకా లాక్కొచ్చారు.

"వాడు చస్తే అర్వికి ఎలా చెప్తావో నువ్వే ఆలోచించుకో," అన్నాడు ఔలా.

నేను ఆలోచించింది వేరు. అది ఔలాకు చెప్పలేదు. పెద్దగా బడికి పోకపోయినా, ఊరికి వచ్చే లైబ్రరీ బస్సులో ఉన్న పుస్తకాలు చాలావరకు చదివినదాన్ని. తెర మీది బొమ్మకీ ఆసుపత్రిలో మనిషికీ సంబంధం లేదని నాకు బాగా తెలుసు. అయినా ఆ పొయ్యి ఆరిపోతే ఏదో అయిపోతుందనిపించింది. స్ట్రెచర్ మీద అర్వి ముఖానికి మాస్కు కట్టి ఉంది. నేను చెప్పిన మాట అతనికి వినపడిందో లేదో తెలియదు. నా జీవితంలో సరిగ్గా వీడ్కోలు చెప్పి పంపిన మనిషి ఒక్కరూ లేరు. నా చిన్నప్పుడు, రెండో ప్రపంచ యుద్ధంలో మా ఊళ్ళు ఖాళీ చేయించి స్వీడన్‌కి పంపినప్పుడు చెల్లెలు ఇర్యా చెయ్యి పట్టుకుని స్వీడన్ స్టేషన్లో నిలబడ్డాను. ఎవరో వచ్చి, పిల్లలకి పాలిస్తామని చెప్పి వేళ్ళు విడదీశారు. ఇర్యా తిరిగొచ్చిందిగానీ, వచ్చేసరికి మా భాష మరిచిపోయి, నన్ను చూసి పరాయి మనిషికి వంగినట్టు మోకాళ్ళు వంచి నమస్కరించింది. అప్పటినుంచీ ఎవరైనా తలుపు దాటితే, వాళ్ళు కనుమరుగయ్యేదాకా కిటికీ దగ్గరే నిలబడతాను.

ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఛాతీ కోశారు, ఆపరేషన్ అయింది, మందులిచ్చి నిద్రలోనే ఉంచుతున్నారు. గొంతులో గొట్టం ఉంది కనుక మాట్లాడలేడు. రోడ్డు తెరిచాక ఒకసారి బస్సులో వెళ్ళి చూసొచ్చాను. చేతి మీద చెయ్యి వేసి కూర్చున్నాను. అతను కళ్ళు తెరవలేదు. నర్సు మంచి పిల్ల. "ఇంటికెళ్ళి పడుకోండి అమ్మా, మీరే పడిపోయేలా ఉన్నారు" అంది. వెళ్ళాను. నేను బస్సులో ఉన్నంతసేపూ, అర్వి మనిషికి ఔలానే తన మనిషి చేత గంజి తాగించాడట. "నీ మొగుడికి చెంచాతో పెట్టాను. గడ్డమంతా గంజి చేసుకున్నాడు," అన్నాడు.

నాకు చలి తెలుసు. ఔలా నేర్పాల్సింది మీటలే. తడిసిన సాక్సుతో నడవకూడదని, చెమట పట్టేలా కట్టెలు కొట్టకూడదని, దాహమేసినా మంచు తినకూడదని నాకెవరూ చెప్పక్కర్లేదు. ఉచ్చులు ఎక్కడ పెట్టాలో కుందేళ్ళ అడుగులు చూసి చెప్పాను. "అర్వి ఇక్కడ నెల్లాళ్ళుగా ఉచ్చు పెట్టి ఒక్క కుందేలు పట్టలేదు. నువ్వు మొదటిరోజే పట్టావు. వాడికి చెప్పకు, గుండె ఆగుతుంది," అన్నాడు ఔలా. అన్నాక నాలుక కరుచుకున్నాడు. నేను నవ్వాను. ఆ వారంలో అదొక్కసారే నవ్వాను.

లైబ్రరీ బస్సు వచ్చింది. దాన్ని నడిపే పిర్క్కో ఎప్పటిలాగే నాకోసం పుస్తకాలు విడిగా తీసిపెట్టి ఉంచింది.

"ఈసారి ఏమీ వద్దు," అన్నాను మెట్ల మీంచే.

"ఏమీ వద్దా! నువ్వా? జ్వరమా సైమీ?"

"లేదు. కుందేలు మాంసం మాడిపోతుంది."

"ఇంటి దగ్గరా?"

"ఇంటి దగ్గర కాదు," అని వచ్చేశాను. పిర్క్కో చాలాసేపు బస్సు కదిలించలేదు.

తర్వాత తోడేళ్ళొచ్చాయి. గుడిసె చుట్టూ కట్టెలకి పనికొచ్చే చెట్టన్నది మిగల్లేదు. దూరం వెళ్ళి కొట్టి తెస్తుంటే ఒక తోడేలు అర్వి మనిషి కాలు పట్టుకుంది. ఔలా మనిషి గొడ్డలితో దాన్ని కొట్టి తరిమాడు. అంతకుముందే ఔలా మనిషి వాగులో జారిపడి అగ్గిపుల్లలన్నీ తడుపుకున్నాడు. ఇక ఇద్దరికీ నా సంచిలోని ఒక్క అగ్గిపెట్టే ఆధారం.

"గడ్డకట్టిన సరస్సు మీంచి దాటుదాం," అన్నాడు ఔలా. "అవతలి గుడిసె చుట్టూ ఎండిన పైన్ చెట్లున్నాయి. ముక్కుకి సూటిగా నడవడమే. గాలి పడిపోయింది, ఇప్పుడే బయల్దేరాలి. నేను బయట తోడేళ్ళని చూస్తుంటా. నువ్వు సర్దుకుని రా."

నేను సర్దాను. చాలా శ్రద్ధగా సర్దాను. మా అడవుల్లో గుడిసెలకి తాళాలుండవు. ఉన్నవాడు వెళ్ళేటప్పుడు నేల ఊడ్చి, పొయ్యి పక్కన ఎండు కట్టెలు పేర్చి, నిప్పు తొందరగా అంటుకునేలా సన్నగా పేళ్ళు చెక్కి, వాటి పైన అగ్గిపెట్టె పెట్టి వెళ్తాడు. తర్వాత వచ్చేవాడి చేతులు ఒక్క పుల్ల గీయడానికి తప్ప దేనికీ పనికిరాని స్థితిలో ఉండొచ్చు. మా నాన్న నాకు నేర్పాడు, అర్వికి అతని నాన్న నేర్పాడు. పేళ్ళు చెక్కడానికి ఏ మీట నొక్కాలో వెతికి పట్టుకుని, చెక్కి, పేర్చి, అగ్గిపెట్టె పైన పెట్టాను. తలుపు మంచుగాలికి తెరుచుకోకుండా కర్ర అడ్డం పెట్టాను. బయటికొచ్చాక, మొదటిసారి ఏదో సరిగ్గా చేశాననిపించింది.

సరస్సు సగం దాటేసరికి గాలి లేచింది. అర్వి మనిషి కుంటుతున్నాడు. తెర మూల ఒంట్లో వేడి చూపించే గీత కుంచించుకుపోతోంది.

"ఆ రెండు రాళ్ళ దీవి చాటున ఆగి మంట వేద్దాం," అన్నాడు ఔలా. "అగ్గిపెట్టె పైకి తీసి ఉంచు."

"అగ్గిపెట్టె గుడిసెలో ఉంది."

"గుడిసెలో ఎందుకుంది?"

"పొయ్యి పక్కన పెట్టాను. తర్వాత వచ్చేవాళ్ళకి."

గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆట గాలో, మా ఇంటి కిటికీ గాలో నాకు తెలియలేదు.

"సైమీ," అన్నాడు ఔలా మెల్లగా. "ఈ లోకంలో తర్వాత వచ్చేవాళ్ళు లేరు. నువ్వూ, నేనూ, తోడేళ్ళూ. అంతే."



ఔలా ఉన్నట్టుండి పెద్దగా నవ్వాడు. "అర్వి కూడా మొదట్లో ఇదే చేశాడు. నేనూ చేశాను! మన ముగ్గుర్నీ ఒకే తల్లి కన్నట్టుంది. ఈ ఆట తయారుచేసినవాడు ఏ వెచ్చని దేశంలోనో పుట్టి ఉంటాడు." నవ్వు ఆగిపోయింది. "సరే. నీ కాలు బాగాలేదు. రాయి చాటున మంచు తవ్వి అందులో దూరు. నేను వెళ్ళి తెస్తా."

"నీ కోటు పల్చనిది ఔలా."

"నాది కాదు, నా మనిషిది. నా కోటు బాగానే ఉంది. దూరు."

మంచు తవ్వి దూరాను. తెరంతా తెల్లగా, మధ్యలో గడ్డం మనిషి ముడుచుకుని. మేము పెద్దగా మాట్లాడుకోలేదు. ఔలా అప్పుడప్పుడు "ఉన్నావా?" అనేవాడు. "ఉన్నాను" అనేదాన్ని. అంతే. చివరికి తెల్లని దాంట్లోంచి నల్లని ఆకారం ఒకటి ఊగుతూ వచ్చింది. వంగి అగ్గిపెట్టె నా మనిషి చేతిలో పెట్టింది.

"ఇక్కడ వెయ్యకు," అన్నాడు. "గాలి మారింది, అంటుకోదు. పుల్లలు వృథా. అవతలి ఒడ్డుకి నడువు. నేను వెనకే వస్తున్నా."

నడిచాను. కాసేపటికి అతని అడుగుల చప్పుడు వినపడలేదు.

"ఔలా?"

"వెనక్కి చూడకు. నడువు."

"ఔలా, ఎక్కడున్నావు?"

"అయిపోయింది సైమీ. నా తెర తెల్లబడింది. నా పేరు కొట్టేశారు." అతని ఊపిరి కాస్త గట్టిగా వినపడింది. "ఆగకు. నేను ఇక్కడే ఉన్నా, మా వంటింట్లో. చేపల పులుసు తాగుతున్నా. ఉప్పు తక్కువైంది. నడువు."

నేను ఏడుస్తూ నడిచాను. వంటింట్లో పులుసు తాగుతున్న మనిషి కోసం ఏడవడం ఎంత పిచ్చితనమో నాకు తెలుసు. అయినా నేను పెట్టిన అగ్గిపెట్టె కోసం తిరిగి వెళ్ళి, మంచు మీద పడిపోయింది అతనే కదా. అవతలి గుడిసెలో మంట వెలిగించినప్పుడు ఔలా, "ఏం కనపడుతోంది? చెప్పు, నాకేం కనపడదిప్పుడు," అన్నాడు. పొయ్యి, బల్ల, రెండు మంచాలు అని చెప్పాను. "రెండు ఉన్నాయా," అన్నాడు.

ఆ తర్వాత ఒంటరిగా గడిపిన రోజుల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. చేపలు పట్టాను, మాంసం ఎండబెట్టాను, కాలికి కట్టు మార్చాను. ఔలా రోజూ హెడ్‌ఫోన్లలోకి వచ్చి, గుడ్డివాడిలా నన్ను అడిగి అడిగి, ఏం చేయాలో చెప్పేవాడు. నాకు నిద్ర పట్టేది కాదు. కునుకు పట్టినా, పొయ్యి ఆరిపోయిందన్న భయంతో లేచి కూర్చునేదాన్ని. లేచాక, ఏ పొయ్యి గురించో ఒక్క క్షణం తెలిసేది కాదు.

కొన్ని వారాలుగా ఉదయించని సూర్యుడు కొండ మీద కాసేపు కనపడి పోవడం మొదలుపెట్టాక, ఫోన్లో అర్వి గొంతు వినపడింది. కాగితం చింపినట్టున్న గొంతు.

"నా వాడు?"

"ఉన్నాడు."

"నువ్వా చూసుకుంది?"

"నేనే."

"ఔలా?"

"ఇంటికి రా. చెప్తా," అన్నాను.

టాక్సీలో ఇంటికొచ్చాడు. పాల డబ్బా కన్నా బరువైనది ఎత్తకూడదన్నారు. దగ్గొస్తే ఛాతీకి దిండు అదుముకోమన్నారు. సాల్మన్ సూపు కొంచెం తాగి, దిండు పట్టుకుని తిన్నగా ఆ గదిలోకి నడిచాడు.

"కంట్రోలర్ పాల డబ్బా కన్నా తేలికేనా?" అని అడిగాడు.

"తేలికే," అన్నాను. ఇచ్చేశాను. నా చేతులు ఖాళీ అయిపోయినట్టనిపించింది.

అతను గుడిసె అంతా తిరిగి చూశాడు. వేలాడదీసిన మాంసం, చేపలు, పైకప్పుదాకా పేర్చిన కట్టెలు. "అమ్మో. ముసలీ, నేనున్నప్పుడు ఇంత తిండి ఎప్పుడూ లేదు. నన్ను ముందే ఆసుపత్రికి పంపాల్సింది." తర్వాత ఖాళీగా ఉన్న రెండో మంచం వైపు చూస్తూ ఆగాడు. అప్పుడు చెప్పాను. అగ్గిపెట్టె దగ్గర్నుంచి అంతా చెప్పాను.

అతను నన్ను ఏమీ అనలేదు. "ఎక్కడ?" అన్నాడు.

"రెండు రాళ్ళ దీవికి ఇవతల."

"అలాగే పడున్నాడా?"

"ఆట అర్వీ."

"తెలుసు," అంటూ గుడిసె బయటున్న, మంచు మీద లాగే చెక్కబండి తాడు తన మనిషి భుజానికి వేశాడు.

యుద్ధంలో మావాళ్ళు చచ్చిపోయినవాళ్ళని ఎక్కడివాళ్ళక్కడ వదిలి రాలేదు. ఎంత దూరమైనా లాక్కొచ్చి, ఎవరి ఊరి చర్చి దగ్గర వాళ్ళని పూడ్చారు. మా నాన్న కూడా అలాగే ఇల్లు చేరాడు. సరిహద్దు కాపలా వాళ్ళకది రక్తంలో ఉంటుంది. అయినా ఇది బొమ్మ. నేను ఆ మాట అన్నాను. గాలి సంగతి చెప్పాను, కాలు ఇంకా పూర్తిగా మానలేదని చెప్పాను. ఔలా గొంతు హెడ్‌ఫోన్లలోంచి బయటికి వినపడేలా పెట్టాను.

"ముసలోడా! ఇంటికొచ్చావా! ఎక్కడికి పోతున్నావు?"

"నీ దగ్గరికి."

"నేనిక్కడ ఉన్నా! బంగాళదుంపలు ఉడకబెట్టుకుంటున్నా!"

"ఎక్కువ తినకు. నేను లాగాలి."

"సైమీ, వాణ్ణి ఆపు!"

ఆపలేకపోయాను. అతను ఔలా మనిషిని కనుక్కున్నాడు. మంచులో చెయ్యి ఒకటే బయటికి కనపడుతోంది. తవ్వి తీసి, బండి మీద పడుకోబెట్టి, తాడుతో కట్టాడు. ముఖం మీది మంచు తుడిచాడు. ఆ పనికి ఆటలో మీట ఉందని నాకు తెలియనే తెలియదు. తిరిగి నడవడం మొదలుపెట్టాక గాలి ఎదురొచ్చింది. మూలన గీత తగ్గుతోంది. నాకు దాని ప్రతి మలుపూ తెలుసు. ఎక్కడిదాకా తగ్గితే కాళ్ళు తడబడతాయో, ఎక్కడిదాకా తగ్గితే చూపు మసకబారుతుందో తెలుసు.

"తాడు వదిలెయ్. అర్వీ, తాడు వదిలేసి పరిగెత్తు. నువ్వొక్కడివే అయితే చేరతావు."

"చేరతాను," అన్నాడు. వదల్లేదు.

దూరంగా గుడిసె కనపడింది. నేను పేర్చిన కట్టెల పొగ పైకి లేస్తోంది. గడ్డం మనిషి మోకాళ్ళ మీద పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. తాడు భుజం మీదే ఉంది. తెర మెల్లమెల్లగా తెల్లబడింది. పేరు ఒక్కో అక్షరమే చెరిగిపోయింది.

అర్వి దిండు ఛాతీకి అదుముకుని దగ్గాడు.

"ఏమైంది?" అని ఔలా అడిగాడు.

"దాదాపు తెచ్చేశాను."

"ఎక్కడ పడున్నాం?"

"ఒడ్డు కనపడుతోంది. మన పొగ కూడా."

"చోటు బాగుందా?"

"బాగుంది."

"అయితే సరే," అన్నాడు ఔలా. కాసేపటికి, "దుంపలు అడుగంటాయి" అని వెళ్ళిపోయాడు.

అర్వి ప్రశాంతంగా ఉన్నాడు. నాకు అది భరించడం కష్టమైంది. ఎన్నో రోజులుగా లోపల గడ్డకట్టినదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది.

"నేను నిద్ర లేకుండా నిన్ను ఇన్నాళ్ళు బతికించింది ఇందుకా? గాలి అని చెప్పానా లేదా? వదిలెయ్యమని ఎన్నిసార్లు చెప్పాను? తలుపు తీసి ఒక్క మాట చెప్పకుండా పోవడమేనా?"

అర్వి కుర్చీ నా వైపు తిప్పాడు.

"సైమీ, నన్నా బతికించింది?" అన్నాడు.

కంట్రోలర్ అతని ఒళ్ళోంచి తీసి బల్ల మీద పెట్టాను. అతని వేళ్ళు తగిలాయి. మంచులోంచి వచ్చినవాడి వేళ్ళలా చల్లగా ఉన్నాయి. రెండు చేతులూ నా చేతుల మధ్య పెట్టుకుని రుద్దడం మొదలుపెట్టాను, గట్టిగా, చిన్నపిల్లల చేతులు రుద్దినట్టు.

"నొప్పి," అన్నాడు.

"ఉండనీ," అన్నాను. రుద్దుతూనే ఉన్నాను.